మక్కల వాసనొచ్చే సముద్రం

పొద్దున పరిచిన విస్తరాకు మధ్యాహ్నానికి ఎండి అంచులు పైకి లేచాయి. కాకి మాత్రం రాలేదు.

పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, ఇంటి బయట ఆకులో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్ళూ చుట్టాలూ మెతుకు ముట్టకుండా కూర్చోవడం మా వైపు పద్ధతి. పిట్టముట్టుడు అంటాం. పిట్ట ముడితే పోయినవాళ్ళకు తృప్తి అయినట్టు. ముట్టకపోతే ఏదో మనసులో మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరే లేచి ఆకు దగ్గరికి పోయి, నీ పిల్లలను చూసుకుంటమనో, నీ పొలం అమ్ముకోమనో కాదు, అమ్మబోమనో మాట ఇస్తారు. ఆ రోజు ఆకులో మటన్ కూర ఉంది, గుడ్లు ఉన్నాయి, గారెలు ఉన్నాయి, పక్కన సీసాలో కల్లు ఉంది, ఒక మూలకు ఉడకబెట్టిన మక్కకంకి, అదే మొక్కజొన్న పొత్తు, ఉంది. ఎదురుగా గోడమీద రెండు కాకులు కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి. దిగడం లేదు.

"ఉన్నన్ని రోజులు సతాయించిండు. ఇప్పుడు గూడ గంతే చేస్తుండు, చూడు అన్నా," అంది నాతో, పోయిన నా స్నేహితుడి భార్య. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, అయినా ఆ మాటలో కోపం స్పష్టంగా వినబడింది.

ఆమె అన్నదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు. నేను పద్ధతి ప్రకారం నడిచే మనిషిని. బడిలో టీచరుగా చేరి హెడ్మాస్టరుగా దిగిపోయాను. రోజూ పడుకునే ముందు డైరీ రాయడం అలవాటు. ఆయన ప్రస్తావన ఉన్న పేజీల్లో చాలా చోట్ల "మళ్ళీ అదే" అని మాత్రం ఉంటుంది. వివరంగా రాయడానికి ఓపిక ఉండేది కాదు. ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు. రాస్తే ఎక్కడినుంచో వచ్చి, స్పెల్లింగు తప్పని అంటాడేమోనని ఇప్పటికీ అనుమానమే.

అరవై తొమ్మిదిలో ఉట్నూరు బడిలో ఇద్దరం ఒకేసారి చేరాం. నాది లెక్కలు, ఆయనది సైన్సు. చేరిన కొద్దిరోజులకే తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు బందయ్యాయి. ఊరికి పోదామంటే బస్సులు లేవు. ఒక పెంకుటింట్లో, ఒకే గదిలో ఇద్దరం చిక్కుకుపోయాం. మొదటి వాన పడ్డ సాయంత్రం ఆయన కిటికీ తెరిచి, చువ్వల మధ్య ముక్కు పెట్టి అడిగాడు.

"ఏం వాసన వస్తుంది సారూ?"

"మట్టి వాసన."

"గలత్," అన్నాడు. "మట్టికి వాసన లేదు. మట్టిల ఉన్న పురుగులది గా వాసన. కండ్లకు కనపడని పురుగులు."

తప్పు అనడానికి ఆయన వాడే మాట గలత్. చూపుడు వేలు ముక్కు పక్కన నిలబెట్టి, తల ఒక పక్కకు వంచి, ఎదుటివాడిని కాసేపు చూసి మరీ అనేవాడు. ఎవరైనా ఇచ్చిన మొదటి జవాబును ఆయన ఒప్పుకోగా నేను చూడలేదు. ఆ గదిలో ఆ తడవ నేను ఎన్ని గలత్‌లు విన్నానో లెక్కల మాస్టారినై ఉండి కూడా లెక్క పెట్టలేదు.

చాయ ఇస్తే తాగేవాడు కాదు. కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని, పాలలో నీళ్ళెంతో, ఆకు ఎన్నిసార్లు మరిగిందో చెప్పి, చల్లారాక "జర వేడి చెయ్యరాదు" అనేవాడు. పరీక్ష పేపర్లు దిద్దడానికి కూర్చుంటే ఒక్కో కాగితం వాసన చూసి, "గీ పిలగాడు పొయ్యి కాడ కూసోని చదివిండు, గీ పిల్ల పుస్తకంల మల్లెపూలు పెట్టింది" అని సంబరపడేవాడు. మార్కులు వేయడం మరిచిపోయేవాడు. చివరి రోజున ఆ పేపర్లు నేను దిద్దేవాణ్ణి. ఒకసారి నిర్మల్ పోయే బస్సులో పక్కన కూర్చున్న మనిషి సంచి దగ్గర ముక్కు పెట్టి "ఎల్లిపాయ కారం, నిన్నటిది" అన్నాడు. ఆ మనిషి చెయ్యెత్తి లేచాడు. నేను మధ్యలో నిలబడి, "సైన్సు మాస్టరు, పట్టించుకోకుండ్రి" అని బతిమాలాను. మిగతా దారంతా ఆయన నాతో మాట్లాడలేదు. తనను కొట్టబోయినందుకు కాదు, నేను క్షమాపణ చెప్పినందుకు. ఎందుకంటే ఆ కారం నిజంగా నిన్నటిదేనట.

ఆయన పెళ్ళయ్యాక భార్య నన్ను అన్నా అని పిలిచింది, నేను చెల్లె అన్నాను. ఆ రోజునుంచి ఆయన నన్ను బావా అనడం మొదలుపెట్టాడు. చుట్టరికం కలిసిందని చనువు ఇంకా పెరిగింది. కొన్నేళ్ళకు ఇద్దరికీ నిర్మల్ బదిలీ అయింది. ఆయన ఇల్లు మా ఇంటికి రెండు సందుల అవతల. తప్పించుకునే దారి లేకపోయింది.

సముద్రం సంగతి నిర్మల్‌లోనే మొదలైంది. కరీంనగర్‌లో పాత కాగితాల కొట్టులో కిలోల లెక్కన ఇంగ్లీషు సైన్సు పత్రికలు దొరికాయని ఒక మూట తెచ్చుకున్నాడు. అందులో ఒకటి చదివి, ఆదివారం పొద్దున్నే నేను గడ్డం గీసుకుంటుంటే వచ్చి నిలబడ్డాడు.

"సముద్రం వాసన దేనిది బావా?"

"ఉప్పుది. చేపలది." సబ్బు నురుగుతోనే చెప్పాను.

వేలు ముక్కు పక్కకు పోయింది.

ఆయన చెప్పింది ఇది. మంచుకు దగ్గరగా ఉండే చల్లటి సముద్రాల్లో కంటికి కనపడనంత చిన్న మొక్కలు తేలుతుంటాయి. ఉప్పునూ చలినీ తట్టుకోవడానికి అవి తమ ఒంట్లో గంధకం కలిసిన ఒక పదార్థం దాచుకుంటాయి. ఆ మొక్కలు చచ్చినప్పుడో, వాటిని నీటిపురుగులు తిన్నప్పుడో ఆ పదార్థం విరిగి డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు అవుతుంది. సముద్రం వాసన అని మనుషులు చెప్పుకునేదాంట్లో పెద్ద వాటా దానిదే. అది పైకి లేచి మబ్బులు కట్టడానికి విత్తనంలా పనికొస్తుందని కూడా తర్వాత వచ్చిన పత్రికల్లో చదివి చెప్పాడు. అప్పటినుంచి ఆకాశంలో మబ్బు కనబడితే చాలు, "ఎక్కడి మొక్కదో" అనేవాడు.

ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. చదువుకున్నాడు, చెప్పాడు. కానీ అదే పదార్థం మక్కకంకులు ఉడికేటప్పుడు కూడా వస్తుందని ఇంకెక్కడో చదివాడు. ఆ రోజునుంచి వాళ్ళ వంటింట్లో గిన్నెలు ఖాళీగా ఉన్నది లేదు.

"ఇంట్ల ఉన్న గిన్నెలన్ని సముద్రమే ఆయె అన్నా. పప్పు దేంట్ల వండాలె?" అని చెల్లె నా దగ్గర మొరపెట్టుకుంది. నేను మా ఇంటినుంచి ఒక గిన్నె పంపాను. వారంలో అది కూడా సముద్రమైంది.

ఇది ఇంతటితో ఆగేదే. కానీ ఆయనకు అవ్వ ఉంది, కన్నతల్లి.

ఆ అవ్వ జగిత్యాల దగ్గరి పల్లెలో పుట్టి పెరిగి, కొడుకు వెంట నిర్మల్ వచ్చింది. పక్కింటివాళ్ళెవరో రామేశ్వరం పోయివచ్చి చెప్పిన కబుర్లు విన్ననాటినుంచి ఆమెకు సముద్రం చూడాలని ఉండేది. ఒక ఎండాకాలం తీసుకుపోతానంటే ఎలక్షన్ డ్యూటీ వచ్చింది. మరో ఎండాకాలం జనాభా లెక్కలు. ఇంకోసారి పదో తరగతి పేపర్లు దిద్దడం. బడిపంతుళ్ళ సెలవులు ఎట్లా పోతాయో నాకు కొత్త కాదు. చివరికి ఆమె వాకిట్లో జారి పడి, తుంటి విరిగి మంచం పట్టింది.

ఒక సాయంత్రం నేను పోయేసరికి ఆయన అవ్వ పాదాలను ఉప్పు కలిపిన నీళ్ళ తొట్టిలో పెట్టి ఉన్నాడు. మంచం పక్కన గిన్నెలో మక్కలు ఉడికి పొగలొస్తున్నాయి. తను చేటతో గాలి విసురుతూ, నోటితో అలల చప్పుడు చేస్తున్నాడు. నలభై దాటిన మనిషి, రేపు తొమ్మిదో తరగతికి పాఠం చెప్పాల్సిన మనిషి, "హో... హో..." అంటున్నాడు.

"ఇగో అవ్వా, సముద్రం. గిట్లనే ఉంటది."

అవ్వ కళ్ళు మూసుకుని వాసన చూసింది. "మక్కలు ఉడుకుతున్నయి గదరా?"

"సముద్రం గూడ గదే వాసన వస్తదవ్వా. నిజంగనే."

"గంత దూరం పోయి మక్కల వాసన చూసుడా?" అంది అవ్వ. "మంచిగైంది, పోకపోతిమి."

ఆమె వేళాకోళమాడిందో, కొడుకు మనసు కుదుటపడాలని అన్నదో నాకు తెలియదు. ఆ వానాకాలం దాటకుండానే పోయింది.

ఆమె పిట్టముట్టుడు నాడు కూడా కాకి రాలేదు. మాటలిచ్చేవాళ్ళు ఇచ్చారు. ఎండ నెత్తికెక్కింది. ఆయన అక్క, గట్టి మనిషి, అందరి ముందూ లేచి నిలబడింది.

"సముద్రమని చెప్పి అవ్వతోని అబద్ధమాడినవ్ రా తమ్మీ. గందుకే ముడ్తలేదు."

"అబద్ధం గాదక్కా. గది శాస్త్రం."

"అయితే గా కాకికి చెప్పు నీ శాస్త్రం."

"కాకికేం తెలుస్తది?"

"పోనీ, తప్పైంది అవ్వా అని ఒక్క మాట అను. అందరు ఆకలితో ఉన్నరు."

"తప్పు చెయ్యలే. ఎందుకంట?"

ఆకు ముందు అక్కాతమ్ముళ్ళు ఒక పూట వాదించుకున్నారు. ఒక్క మాట, ఉత్తుత్తిగా అయినా అని ఉంటే అయిపోయేది. అనలేదు. చివరికి ఆకు తీసి ఆవుకు పెట్టి, చల్లారిన అన్నం తిని లేచాం. ఆ తర్వాత ఏ పెళ్ళికి కలిసినా, ఏ చావుకు కలిసినా ఆ అక్క "అవ్వకు అబద్ధపు సముద్రం చూపించినోడు" అని పదిమందిలో ఎత్తిపొడిచేది.

"కాకి రాలేదని నాకు ఫికర్ లేదు బావా," అన్నాడు ఒకసారి నాతో. "కాకులను నేను నమ్మ. గానీ అబద్ధమన్న మాట పోవాలె. చల్ల సముద్రం మీద తిరిగిన మనిషి ఒక్కడు వచ్చి, గీ గిన్నెల వాసన చూసి, అవును గిదే అనాలె. గంతే."

గంతే అన్నాడు. ఆదిలాబాదు జిల్లాలో, అడవుల మధ్య, చల్ల సముద్రం మీద తిరిగిన మనిషి. ఆయన బాధ ఏమిటో నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన విసుగు తగ్గదు. నా డైరీల్లో "మళ్ళీ అదే" అన్న మాట ఎక్కువగా కనబడేది ఆ ఏళ్ళలోనే.

ఆదివారం వస్తే జగిత్యాల వైపు పల్లెలు పట్టుకుని తిరిగేవాడు. అక్కడ ఇంటికొకరు దుబాయి పోయివచ్చినవాళ్ళే. కొన్నిసార్లు నన్ను కూడా లాక్కుపోయాడు. పరాయి ఇంట్లో మంచం మీద కూర్చుని, వాళ్ళిచ్చిన చాయ చల్లారబెట్టి, "సముద్రం వాసన ఎట్లుండె?" అని మొదలుపెట్టేవాడు.

"డీజిల్ వాసన సార్," అన్నాడొకడు.

"మేం ఓడల పోలే సార్, విమానంల పోయినం. సముద్రం మీదికెల్లి చూసినం. మీదికి ఏం వాసనొస్తది?" అన్నాడు ఇంకొకడు.

మూడో ఇంట్లో అతను లోపలికి పోయి అత్తరు సీసా తెచ్చి, "సార్‌కు వాసనలంటే ఇష్టమట గదా, పెట్టుకోండ్రి" అని ఇద్దరికీ రాశాడు. వారం పాటు నా చొక్కాకు ఆ వాసన పోలేదు. ఆయనేమో బస్సులో కూర్చుని, "ఎట్లయినా దుబాయిది ఉడుకు సముద్రం, లెక్కకు రాదు" అన్నాడు. మరి ఎందుకు పోయినట్టు?

"విశాఖపట్నానికి టికెట్టు నేను తీస్త. నువ్వే పోయి వాసన చూసి రా. పీడ పోతది," అన్నాను.

"గలత్. గది గూడ ఉడుకు సముద్రమే."

"ఏదో ఒక సముద్రం పోవయ్యా!"

కిటికీ వైపు తిరిగాడు. తర్వాత బయటికి చూస్తూ, "అవ్వ పోని కాడికి నేను పోయి ఏం జెయ్యాలె?" అన్నాడు. ఆ మాట ఒక్కసారే అన్నాడు. మళ్ళీ నేనెప్పుడూ టికెట్టు మాట ఎత్తలేదు.

చివరికి ఆ మనిషిని నేనే పట్టుకొచ్చాను. ప్రేమతో కాదు, వదిలించుకుందామని. మా బడి అటెండరుకు మేనల్లుడి వరస ఒకడు బొంబాయి పోయి, అక్కడ సరుకు ఓడెక్కి, మంచుగడ్డలు తేలే ఉత్తర సముద్రాల్లో ఏళ్ళపాటు తిరిగి, ఖానాపూర్ పక్క పల్లెకు చెల్లెలి పెళ్ళికి వచ్చాడని తెలిసింది. ఓడ అన్నారు, చల్ల సముద్రం అన్నారు. ఇంకేం అడగకుండా కబురు పెట్టాను.

ఆయన ముందురోజే మా ఇంటికి వచ్చి ఏర్పాట్లు చెప్పాడు. మూడు గిన్నెలు. ఒకదాంట్లో ఎండు చేపలు, ఒకదాంట్లో ఉప్పునీళ్ళు, ఒకదాంట్లో ఉడుకుతున్న మక్కలు. వచ్చినవాడి కళ్ళకు తువ్వాల. ఏ గిన్నె ఎప్పుడు చూపించాలో నేనే నిర్ణయించాలి, ఆయనకు కూడా చెప్పకూడదు.

"గీ పని నువ్వే చెయ్యాలె బావా. నీకు ఊహ అనేది లేదు. గందుకే నీ మీద నమ్మకం."

దీన్ని పొగడ్త కింద జమకట్టలేకపోయాను. అయినా చేశాను.

ఓడ మనిషి బక్కగా, సిగ్గరిగా ఉన్నాడు. ఇద్దరు పంతుళ్ళు కళ్ళకు గంతలు కట్టేసరికి బెదిరిపోయి, "ఏం గాదు గదా సార్?" అని రెండుసార్లు అడిగాడు. మొదటి గిన్నె చూపించాను. "గిది అంగడి సార్. ఎండు చేపలు." రెండోది చూపించాను. "గిండ్ల ఏం లేదు." మూడోది ముక్కు దగ్గర పెట్టాను. అతను పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. తువ్వాల తనే పైకి నెట్టేశాడు.

"గిదే సార్! గిదే ఓడ వాసన. ముక్కుల పడంగనే ఓడ మెట్లు ఎక్కుతున్నట్టు కాళ్ళ కింద ఊగుతుంది."

నేను ఆయన వైపు చూశాను. గలత్ అనలేదు. దర్వాజా పట్టుకుని నిలబడిపోయాడు. భార్యను పిలిచి, "చాయ పెట్టు. చక్కెర ఎక్కువ వెయ్యి. రేపు పొద్దుగాల జగిత్యాల పోవాలె, అక్కకు చెప్పాలె," అన్నాడు. చాయ రాగానే వాసన చూడకుండా వేడివేడిగా తాగాడు. ఆయన వేడి చాయ తాగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇంటికి వచ్చిన మనిషితో ఏదో మాట్లాడాలి కదా. మర్యాదకు అడిగాను.

"ఓడ మీద నీ పనేంది బాబూ?"

"వంట సార్."

"ఏం వండుతుంటివి?"

"గోబీగడ్డ సార్, క్యాబేజీ. కూరగాయలల్ల నెలల తరబడి పాడుగాకుంట ఆగేది గదే. పొద్దుగాల గోబీ, పొద్దుమూకి గోబీ. పెద్ద పెద్ద గంజులల్ల ఉడకబెడుతుంటి. ఓడంత గదే వాసన."

ఆయన కప్పు కింద పెట్టాడు.

నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు, పాఠం చెప్పినట్టు, ఎవరి ముఖమూ చూడకుండా. "గోబీ ఉడికినా గదే పదార్థం వస్తది బావా. గీయన చెప్పింది సముద్రం వాసననో, వంటింటి వాసననో తెల్వది." లేచి పెరట్లోకి పోయాడు.

"నేనేమన్న తప్పన్ననా సార్?" అన్నాడు పాపం ఓడ మనిషి. చెల్లె అతనికి ఇంకో చాయ పోసింది.

నేను పెరట్లోకి పోయి, గొంతు తగ్గించి అన్నాను. "గోబీ సంగతి మీ అక్కకు ఎవరు చెప్తరు? ఓడ మీద తిరిగినోడు, కండ్లు కట్టుకోని, గిదే వాసన అన్నడు. గది నిజమే గదా. రేపు పోయి చెప్పిరా. పీడ పోతది."

"అప్పుడు అది నిజంగనే అబద్ధమైతది బావా," అన్నాడు.

ఒళ్ళు మండింది నాకు. గుడికి పోడు, కాకిని నమ్మడు, ఒక్క మాట మింగమంటే మాత్రం మింగలేడు. ఆయన్ను అక్కడే వదిలేసి, ఓడ మనిషిని తీసుకుని బస్టాండుకు నడిచాను.

బస్సు కదలబోతుంటే నాకు తట్టింది. మెట్టుమీద నిలబడ్డ అతన్ని అడిగాను. "ఓడల పొయ్యి ముట్టియ్యని దినాలు ఉంటయా? గా దినాల ఎప్పుడన్న గీ వాసన వచ్చిందా?"

అతను ఆలోచించాడు. "ఉంటయి సార్. తుఫానుల పొయ్యి ముట్టియ్యనియ్యరు, ఉత్త రొట్టెలే. ఒకసారి... వచ్చింది సార్! తుఫాను పోయినంక పొద్దుగాల. అప్పటికింక పొయ్యి ముట్టియ్యలే. బయటికొచ్చి చూస్తె చుట్టూత తెల్లగున్నది, గీ వాసనే..." కండక్టరు ఈల వేశాడు. బస్సు పోయింది.

ఆ వయసులో నేను రోడ్డుమీద పరుగెత్తాను. బొమ్మలు చేసేవాళ్ళ వాడ గుండా అడ్డంపడి, రొప్పుతూ వాళ్ళ పెరట్లోకి పోయి చెప్పాను. పొయ్యి లేదు, గోబీ లేదు, వాసన ఉంది. ఇంకేం కావాలి?

ఆయన కళ్ళు మెరిశాయి. లేచాడు. వేలు ముక్కు పక్కకు పోయింది.

"తెల్లగ అంటె? నురుగు తెల్లగనా, నీళ్ళు తెల్లగనా?"

"ఏంది?"

"గా చిన్న మొక్కలల్ల ఒక రకానికి సున్నపు పెంకులుంటయి. అవి బాగ పెరిగితె నీళ్ళే పాలలెక్క అయితయి. గట్లయితె గది సముద్రం వాసననే. తుఫాను నురుగు తెల్లగుంటె గది లెక్కకు రాదు. గంజులకు పట్టిన పాత వాసన కావొచ్చు. ఏమన్నడు? నురుగా, నీళ్ళా?"

"అడగలే."

"అడగలేవా!" తల పట్టుకున్నాడు. "రోజు డైరీ రాసేటోనివి. ఎట్ల అడగకపోతివి బావా?"

ఇంత చేసి, పరుగెత్తి, ఊపిరాడక నిలబడ్డ మనిషికి దక్కిన మాట అది.

నేను మర్నాడే ఖానాపూర్ పోయాను. ఓడ మనిషి పొద్దున్నే బొంబాయికి బయలుదేరాడట. మళ్ళీ ఊరికి రాలేదు. ఎక్కడో పెళ్ళి చేసుకుని ఉండిపోయాడన్నారు. అప్పటినుంచి ఆయన నాకు నమస్కారం పెట్టడం మానేశాడు. సందు మొదట్లో కనబడితే, సంతలో కనబడితే, ఇద్దరం రిటైరయ్యాక పెన్షను కోసం బ్యాంకు వరుసలో నిలబడితే, వెనకనుంచి అదే ప్రశ్న. "నురుగా, నీళ్ళా?" మా మనవరాలి పేరు పెట్టే రోజున, పంతులుగారు మంత్రం ఆపిన సందులో కూడా. చివరిసారి ఆసుపత్రిలో చూశాను. ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. ఇంక వాసన చూసేది లేదు, అడిగేది లేదు అనుకుని పక్కన కూర్చున్నాను. వేలు పైకి లేచింది. గొట్టం అడ్డం వచ్చి ముక్కు పక్కకు చేరలేదు, గాలిలోనే నిలబడింది.

"తెల్వది బావా," అన్నాను. "నాకు తెల్వది. తెలిస్తే చెప్పనా?"

నాలుగో రోజున పోయాడు.

ఇప్పుడు ఆకు ముందు అందరూ మాటలివ్వడం అయిపోయింది. చెల్లె లేచింది, "నీ పుస్తకాలు తూకానికి అమ్మను, సరేనా?" అంది. కాకులు కదల్లేదు. అందరికంటే చివర ఆయన అక్క లేచింది. నడుము వంగిపోయింది, చేతికర్ర పట్టుకుని ఆకు దాకా నడిచింది.

"అబద్ధమాడినవ్ అన్న మాట వాపస్ తీసుకుంటున్న తమ్మీ. ఇంక ముట్టు నాయినా."

కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి. గోడమీద కాకులు మాత్రం రెక్క కూడా కదపలేదు. నాకు ఆశ్చర్యం వేయలేదు. జాలిపడి వాపస్ తీసుకుంటే ఒప్పుకునే మనిషేనా? ఆయనకు సాక్ష్యం కావాలి.

అక్క వెనక్కి తిరిగి నా వైపు చూసింది. చెల్లె చూసింది. ఎండకు కూర్చున్న ముసలివాళ్ళు, ఆకలికి ఏడుస్తున్న చంటిపిల్లల తల్లులు, అందరూ నా వైపే చూశారు. అన్నేళ్ళ స్నేహితుడివి, నువ్వేమైనా చెప్పు అన్నట్టు.

మోకాళ్ళు పట్టుకుని లేచాను. ఆకు దగ్గరికి పోయాను. పనికిరాని మాట చెప్పడం నాకు అలవాటు లేదు. ఓడ మనిషిని నేను ఆ ప్రశ్న అడగలేదని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. అయినా గట్టిగా, అందరికీ వినబడేటట్టు చెప్పాను.

"నురుగు కాదు బావా. నీళ్ళే. నీళ్ళే పాలలెక్క తెల్లగైనయట."

రెండింటిలో పెద్ద కాకి గోడ దిగింది. మటన్ కూర దాటింది, గుడ్లు దాటింది. మక్కకంకి దగ్గర ఆగి ఒక్క గింజ పెరికి మింగింది. "ముట్టింది, ముట్టింది" అని అందరూ దండాలు పెట్టి, దులుపుకుని లేచి, బంతికి కూర్చోవడానికి తొందర తొందరగా లోపలికి పోయారు.

కాకి మళ్ళీ గోడెక్కింది. ఎగిరిపోలేదు. తల ఒక పక్కకు వంచి నన్నే చూడటం మొదలుపెట్టింది. అన్నేళ్ళూ చూశాను ఆ చూపును.

"ఇంక నన్ను అడగకు," అని చెప్పి, నేనూ భోజనానికి పోయాను.